గీత లేని పందొమ్మిదో కాగితం

పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు అండర్‌లైన్ టీచర్. పెట్టినవాళ్ళు పెద్దవాళ్ళైపోయి, వాళ్ళ పిల్లలు కూడా అదే బడికి వస్తున్నారు గానీ పేరు మాత్రం మారలేదు. ఇరవై ఏడేళ్ళుగా ఆవిడ అక్కడ సోషల్ చెబుతోంది. తొమ్మిది రెండు సెక్షన్లు, పది రెండు సెక్షన్లు, వారానికి ముప్పై రెండు పీరియడ్లు, నెలకోసారి రెండు వందల నలభై పేపర్లు. అవన్నీ అక్షరం అక్షరం చదవాలంటే మనిషికి రెండు జతల కళ్ళైనా ఉండాలి, ఇల్లూ వాకిలీ అయినా లేకుండా ఉండాలి. ఆవిడకి ఉన్నది ఒకే జత కళ్ళు, అవీ అద్దాలు పెడితేనే పనిచేస్తాయి. సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టవు.

అందుకని ఉద్యోగంలో చేరిన రెండో ఏడే ఓ ఉపాయం కనిపెట్టింది. “ఒరేయ్, జవాబులో అసలు మాట ఏదో దాని కింద స్కేలు పెట్టి గీత గియ్యండి. నేను చూసేది గీతలే. గీత ఉంటే మార్కు, లేకపోతే సున్నా.” అంతే. పేపరుకి నిమిషంన్నర. కొన్నాళ్ళకి పిల్లలకి అది ఎంత ఒంటబట్టిందంటే, సెలవు చీటీల్లో కూడా ‘జ్వరం’ కింద గీత గీసి తెచ్చేవాళ్ళు. ఓ పాత విద్యార్థి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికొచ్చి, టీచర్ చదివేది ఎలాగో తెలుసు కాబట్టి, తారీకు కింద తనే పెన్నుతో గీత గీసి మరీ చేతిలో పెట్టాడు.

మొదటి ప్రపంచ యుద్ధం పాఠం తొమ్మిదో తరగతిలో వస్తుంది. కారణాలు వివరించమని ఎనిమిది మార్కుల ప్రశ్న ఎప్పుడో నాలుగేళ్ళకోసారి. తక్షణ కారణం ఏమిటన్న రెండు మార్కుల ప్రశ్న మాత్రం ఏడాది తప్పితే ఏడాది కాదు, ప్రతి ఏడాదీ. కాబట్టి ఆవిడ పాఠం కూడా అలాగే చెప్పేది. “యువరాజు హత్య. రాసుకోండి. గీత గియ్యండి. తర్వాతి పేజీ.” పాతిక బ్యాచ్‌లు ఆ రెండు మాటల కింద గీత గీసి పాసైపోయాయి.

అలాంటి టీచర్ చేతికి శుక్రవారం నాడు ఓ నిజం యుద్ధమే వచ్చిపడింది.

తొమ్మిదో తరగతి ‘ఏ’ సెక్షన్‌కి ఆవిడే క్లాస్ టీచర్. ఆ రోజు గ్రూప్ ఫోటో. అందరూ తెల్ల చొక్కాలు ఉతికించి, తలలు దువ్వి వచ్చారు. భోజనాల గంటలో, ఫోటో తీసే ఆయన ఇంకా మెట్ల దగ్గర స్టాండు బిగిస్తూ ఉండగానే, పై అంతస్తులో పెద్ద శబ్దం. వెళ్ళి చూస్తే కిటికీ అద్దం పగిలి ఉంది. నిచ్చెన అని పిలిచే పొడుగు కుర్రాడు నోరు పట్టుకుని కూర్చున్నాడు, ముందు పన్ను సగం లేదు. బడి ఆటల జట్టుకి కెప్టెన్ కాబట్టి కెప్టెన్ అనే పేరు స్థిరపడిపోయిన కుర్రాడి చొక్కా మీద ఛాతీ నుంచి నడుం దాకా నీలం ఇంకు. చుట్టూ జుట్లు రేగినవాళ్ళూ గుండీలు తెగినవాళ్ళూ పదహారు మంది. మధ్యలో ఖాళీ ఇంకు సీసా పట్టుకుని ఓ సన్నటి పిల్ల, గొంతు కూడా సన్నం కాబట్టి పిచ్చుక అంటారు, బొమ్మలా నిలబడి ఉంది.

హెడ్‌మాస్టారు వచ్చి చూసి, నుదురు రుద్దుకుని, “మేడమ్, మొత్తం పందొమ్మిది మంది చేతా ఏం జరిగిందో రాయించండి. సాయంత్రం లోపు కారణం ఏంటో ఫారం నింపి నాకివ్వండి” అన్నాడు.

రాయించింది. ఆరో పీరియడ్ తర్వాత స్టాఫ్‌రూమ్‌లో పావుగంట దొరికింది. ఎర్ర పెన్ను తీసుకుని చకచకా చూసుకుంటూ పోయింది. పిల్లలు ఎవరు పెంచిన పిల్లలు! స్కేలు పెట్టి మరీ గీతలు గీశారు. ‘పిచ్చుక ఇంకు చల్లింది’, గీత. ‘ఇంకు చల్లింది’, గీత. ‘ఇంకు’, గీత. పద్దెనిమిది కాగితాల్లో పద్దెనిమిది గీతలూ అదే మాట కింద. పందొమ్మిదోదాన్లో గీతే లేదు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది, ఆవిడ కాగితాలు సంచీలో కుక్కి ఫారం తీసింది.

ఫారంలో ‘గొడవకు కారణం’ అన్నదాని ఎదురుగా ఒకే ఒక్క వరస ఖాళీ ఉంది. ఆవిడ అందులో ‘విద్యార్థిని తోటి విద్యార్థి మీద ఇంకు చల్లుట’ అని రాసి సంతకం పెట్టింది. వరస సరిగ్గా సరిపోయింది కూడా.

హెడ్‌మాస్టారు చదివి, “సోమవారం పదకొండింటికి టీసీ ఇచ్చేద్దాం. కెప్టెన్ వాళ్ళ నాన్న ఇప్పటికే మూడుసార్లు ఫోన్ చేశాడు” అన్నాడు. ఆవిడ తలూపింది. పాదాలు లాగేస్తున్నాయి, బస్సు టైమైంది.

శనివారం ఒంటిపూట బడి. పన్నెండున్నరకి ఆవిడ సంచీ భుజాన వేసుకుని గేటు దాటబోతుంటే ఒకామె అడ్డంగా వచ్చి నిలబడింది. చేతుల మీద అక్కడక్కడా పాత కాలిన మచ్చలు, ఒంటి నుంచి ఇస్త్రీ చేసిన బట్టల వాసన.

“టీచరమ్మా, నేను పిచ్చుక అమ్మని. లాండ్రీలో పని చేస్తాను.”

“చెప్పమ్మా. కానీ ఆ విషయం హెడ్‌మాస్టారి చేతిలో ఉంది.”

“తెలుసమ్మా. నేను మాట్లాడటానికి రాలేదు. ఆ బాబు చొక్కా ఇప్పిస్తారా? ఇంకు మరక మా దగ్గర పోతుంది. రెండు రోజులు దాటితే పాతబడిపోయి ఇంక పోదు. అందుకే పరిగెత్తుకొచ్చాను.”

“చొక్కా వాళ్ళ ఇంట్లో ఉంటుంది కదమ్మా. అడిగి చూస్తాను.”

“అడగండమ్మా.” ఆమె పక్కకి తప్పుకుంది. తప్పుకుని మళ్ళీ అంది. “మా పిల్ల తప్పే చేసింది. వీపు విమానం మోత మోగించాను నేను కూడా. మరి ఎందుకే అలా చేశావంటే, అంతా కాగితం మీద రాశాను, టీచర్ చదివారు, అంటుంది. నాకేమో చెప్పట్లేదు. మీరు చదివారు కదా, ఏం రాసిందమ్మా?”

టీచర్ సంచీ భుజం మార్చుకుంది. ఏం రాసింది? ఆ కాగితం ఎలా ఉంటుందో కూడా గుర్తులేదు.

“చదివాను,” అంది చివరికి. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఎన్నో చిన్న అబద్ధాలు ఆడింది గానీ, ఇది మాత్రం బస్సులో ఇంటిదాకా పక్క సీట్లో కూర్చుని వచ్చింది.

ఇంటికొచ్చి టబ్బులో వేడినీళ్ళు పోసుకుని పాదాలు పెట్టి కూర్చుంది. ఆవిడ భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ళు స్టీరింగ్ పట్టుకున్న చేతులు కదా, ఇప్పుడు వార్తాపత్రికని కూడా రెండు చేతులా చక్రంలా పట్టుకుని చదువుతాడు.

“ఏంటోయ్, శనివారం కూడా పేపర్లేనా? నువ్వు పోయాక ఫోటో పక్కన దండకి బదులు పేపర్ల కట్ట వేలాడదీస్తాను.”

“ముందు ఆ కళ్ళద్దాలు అందించండి.”

సంచీలోంచి పందొమ్మిది కాగితాలు తీసింది. గీత లేని కాగితం అన్నిటికన్నా అడుగున ఉంది. పైకి తీసేసరికి మొదట కనిపించింది పిచ్చుక రాత కాదు. కుడి మూలన ఎర్ర ఇంకుతో గుండ్రంగా, అందంగా, ఓ సున్నా.

తను వేసిందే. మార్కు వేసింది! పిల్ల తన బతుకు సంగతి రాసుకుంటే దానికి సున్నా మార్కులు వేసింది.

ఆవిడ ఆ సున్నాని బొటనవేలితో మూసింది. తర్వాత చదవడం మొదలుపెట్టింది. మొదటి మాట నుంచి.

‘టీచర్, ఇంకు నేనే చల్లాను. తప్పే. మన క్లాసులో రెండు ఫ్యాన్లు. గోడ వైపుది బడి తెరిచిన కొత్తలోనే ఆగిపోయింది. కిటికీ వైపుది తిరుగుతుంది. దాని కింద వారానికొక వైపు వాళ్ళు కూర్చోవాలని మొదట్లో అనుకున్నాం. కిటికీ వాళ్ళు లేవడం మానేశారు. అప్పుడు గోడ వాళ్ళు ఒట్టు పెట్టుకున్నారు, మాలో ఒకళ్ళని కొడితే అందరం కొడతాం అని. అది తెలిసి కిటికీ వాళ్ళూ పెట్టుకున్నారు. నేను మధ్య బెంచీ. నాకు ఎవరితోనూ ఒట్టు లేదు. కానీ చీటీలు అటూ ఇటూ నా మీదుగానే వెళ్ళేవి. గోడ వాళ్ళు స్టీలు స్కేళ్ళు కొన్నారని కిటికీ వాళ్ళు ఇంకా పెద్దవి కొన్నారు. తర్వాత ఇంకు సీసాలు. శుక్రవారానికి మా క్లాసులో పది సీసాలు ఉన్నాయి టీచర్. ఫోటోకి తెల్ల చొక్కాలు వేసుకొస్తారు కదా అని రెండు వైపులవాళ్ళూ తెచ్చారు. నేను లెక్కపెట్టాను.’

టీచర్ పేజీ తిప్పింది.

‘గోడ వాళ్ళ తరఫున కెప్టెన్ గురువారం ఒక చీటీ ఇచ్చాడు, పది షరతులు. రేపు భోజనం గంట కొట్టేలోపు అన్నీ ఒప్పుకోవాలి అని. కిటికీ వాళ్ళు ఎనిమిదికి ఒప్పుకున్నారు. ఆ చీటీ కూడా నేనే తీసుకెళ్ళాను. కెప్టెన్ చదవకుండా చింపేశాడు. గోడ వాళ్ళు నా బెంచీని వెనక్కి తోసేశారు, దారికి అడ్డంగా ఉందని. నాకు కోపం వచ్చింది. కిటికీ వైపు నిచ్చెన నా చేతిలో సీసా పెట్టి మూత తీసి ఇచ్చాడు. నేను చల్లాను. నేను చల్లకపోతే ఆ రోజు ఇంకెవరో చల్లేవాళ్ళు, కానీ చల్లింది నేనే. ఫ్యాను సంగతి మీకు మొదట్లోనే చెప్పాను టీచర్. మీరు పేపర్లు దిద్దుతున్నారు. తర్వాత చెప్పు అన్నారు. ఇందులో దేని కింద గీత గియ్యాలో నాకు తెలియలేదు.’

భర్త పత్రిక దించి, “ఏమైంది? నీళ్ళు చల్లారాయా?” అన్నాడు.

“చల్లారిపోయాయి,” అంది. కానీ కాళ్ళు తియ్యలేదు.

తర్వాత మిగిలిన పద్దెనిమిదీ చదివింది, ఈసారి గీతలు వదిలేసి మిగతాదంతా. అన్నీ ఉన్నాయి. ఫ్యానూ ఒట్లూ స్కేళ్ళూ చీటీలూ, ఎవడి తమ్ముణ్ణి ఎవడు మెట్ల మీద తోశాడో, అందరూ రాశారు. రాసి, గీత మాత్రం ఇంకు కింద గీశారు. ఎందుకంటే మార్కు పడేది దానికే. నిచ్చెన అయితే ‘సీసా మూత నేనే తీశాను’ అని కూడా నిజాయితీగా రాసి, దాన్ని దాటుకుని వెళ్ళి ‘పిచ్చుక ఇంకు చల్లింది’ కింద లావుగా గీత గీశాడు.

“ఏవండీ, బస్సు గుద్దేస్తే తప్పెవరిదని రాస్తారు?”

“ఇంకెవరిది, డ్రైవర్‌ది!” ఆయన నవ్వాడు. “బ్రేకులు పడట్లేదని నెల ముందు నుంచీ నేను పుస్తకంలో రాసినా సరే, డిపోలో ఎవడూ చూడకపోయినా సరే, వాన పడినా, రోడ్డు మీద గుంట ఉన్నా, ఆఖర్న స్టీరింగ్ మీద ఎవడి చెయ్యి ఉంటే వాడే. సులువు కదా. ఒక్కడైతే ఫారంలో పడతాడు.”

ఆవిడ కాగితాలు సర్ది సంచీలో పెట్టింది. ఆదివారమంతా బట్టలు ఉతికింది, పప్పు మాడబెట్టింది, రెండుసార్లు తలుపు గొళ్ళెం పెట్టానా లేదా అని లేచి చూసింది. రిటైర్‌మెంట్ ఇంక రెండేళ్ళు. ఇన్నాళ్ళ సర్వీసు పుస్తకంలో ఒక్క మచ్చ లేదు. సంతకం పెట్టి ఇచ్చిన ఫారం తప్పని తనే వెళ్ళి చెబితే మచ్చ పడుతుంది. చెప్పకపోతే పదమూడేళ్ళ పిల్ల చదువు మధ్యలో కాగితం చేతబట్టుకుని వీధిలోకి వెళుతుంది. తూచి చూసేంత పెద్ద లెక్కేం కాదు. అయినా తూచింది. అలిసిన మనిషి దేన్నయినా తూస్తుంది, అడుగు వెయ్యకుండా ఉండటానికి.

సోమవారం తొమ్మిదిన్నరకి హెడ్‌మాస్టారి గది ముందు బెంచీ మీద పిచ్చుకా వాళ్ళమ్మా కూర్చుని ఉన్నారు. అమ్మ ఒళ్ళో ఏమీ లేదు. చొక్కా ఎవరూ ఇవ్వలేదు. టీచర్ వాళ్ళ ముందు నుంచి తల వంచుకుని లోపలికి వెళ్ళింది.

“సార్, నా ఫారం వెనక్కి ఇవ్వండి. తప్పు రాశాను.”

హెడ్‌మాస్టారి బల్ల మీద టీసీ అప్పటికే టైపు చేసి ఉంది. “తప్పేంటి మేడమ్? ఇంకు చల్లలేదా ఆ పిల్ల?”

“చల్లింది.”

“మరి?”

“మిగతావి రాయలేదు సార్. నేను కాగితాలు చదవలేదు. గీతలు చూశానంతే.” ఆవిడ పందొమ్మిది కాగితాలూ ఆయన ముందు పెట్టింది. సున్నా వేసినదాన్ని పైన పెట్టింది, కనిపించేలా.

ఆయన దాన్ని చదివాడు. తర్వాత నిచ్చెన కాగితం. తర్వాత కెప్టెన్‌ది. మధ్యలో ఒకసారి, “పది షరతులా! వీళ్ళ దుంపతెగ,” అని నవ్వబోయి ఆగిపోయాడు. ఆయన జుట్టూ ఈ బడిలోనే నెరిసింది.

“మేడమ్, మీరు నాకు ప్రపంచ యుద్ధం కారణాలు తెచ్చినట్టు తెచ్చారు. ఫారంలో ఉన్నది ఒక్క వరస. ఇదంతా ఎక్కడ రాస్తారు?”

“రాయను సార్. వరసలో ‘జతపరిచిన పందొమ్మిది కాగితాలు చూడండి’ అని రాస్తాను. కింద ఇంకో కాగితం నాది పెడతాను. ఫ్యాను సంగతి నాకు మొదట్లోనే చెప్పారు, నేను పట్టించుకోలేదు అని.”

“మీ పేరు మీరే ఎక్కించుకుంటారా? అప్పుడు నేను మీకు మెమో ఇవ్వకుండా ఉండలేను. తెలుసుగా?”

“ఇవ్వండి సార్.”

“కెప్టెన్ వాళ్ళ నాన్న ఊరుకోడు.”

“ఆయన కొడుకు కాగితం కూడా ఇందులోనే ఉంది. ఆయన్నీ చదవమనండి.”

ఫ్యాన్ గదిలో కరకరమంటూ తిరుగుతోంది. హెడ్‌మాస్టారు దానివైపు ఓసారి చూశాడు, ఎందుకో. టీసీ తీసి సొరుగులో పెట్టాడు. చింపలేదు, సొరుగులో పెట్టాడు.

“పందొమ్మిది మందికీ వారం రోజులు మధ్యాహ్నం ఆటల్లేవు. అద్దం బిగించేటప్పుడు పందొమ్మిది మందీ నిలబడి చూడాలి. ఆ పిల్లని క్లాసుకి పంపించండి. ఇంకోసారి ఏమైనా జరిగితే మాత్రం సొరుగు తీస్తాను.”

బయటికొచ్చి, “క్లాసుకి పద,” అంది టీచర్. పిచ్చుక కదల్లేదు, వాళ్ళమ్మ వంక చూసింది. వాళ్ళమ్మ మోచేత్తో పొడిచింది. “చెబుతుంటే వినిపించదూ? వెళ్ళవే!” ఆ తర్వాతే ఆమెకి అర్థమైనట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టీచర్ ఆమె దగ్గరికి వెళ్ళి చెప్పింది. “గేటు దగ్గర మీరడిగేటప్పటికి మీ పిల్ల రాసింది చదవలేదమ్మా. మీకు అబద్ధం చెప్పాను. శనివారం సాయంత్రం చదివాను.” ఆమె సగం విందో లేదో. “చదివారు కదా, చాల్లెండి” అంది.

మూడో పీరియడ్ తొమ్మిది ‘ఏ’. పగిలిన కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టారు. టీచర్ కుర్చీలో కూర్చునే పాఠం మొదలుపెట్టింది, నిలబడే ఓపిక లేదు.

“మొదటి ప్రపంచ యుద్ధానికి కారణం?”

“యువరాజు హత్య టీచర్!” అరవై గొంతులు.

“ఓ సెర్బు కుర్రాడు ఆస్ట్రియా యువరాజుని చంపింది జూన్ ఇరవై ఎనిమిదిన. ఆస్ట్రియా సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది జూలై ఇరవై ఎనిమిదిన. మధ్యలో నెల రోజులు ఏం చేశారర్రా?”

వెనక నుంచి ఎవడో, “సెలవులా టీచర్?” అన్నాడు. అందరూ నవ్వారు.

“కొందరు పెద్దమనుషులు నిజంగానే సెలవుల్లో ఉన్నారు. మిగతావాళ్ళు ఉత్తరాలు రాసుకున్నారు. ఆస్ట్రియా వెళ్ళి జర్మనీని అడిగింది, నువ్వు నా వెనకాల ఉంటావా అని. ఉంటాను, నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో, అంది జర్మనీ. సెర్బియా వెనకాల రష్యా. రష్యాకి తోడు ఫ్రాన్స్. ఆస్ట్రియా సెర్బియాకి పది షరతుల కాగితం పంపి, నలభై ఎనిమిది గంటల్లో ఒప్పుకోమంది. సెర్బియా చాలావరకు ఒప్పుకుంది. అయినా చాల్లేదు.”

కెప్టెన్ బల్లకేసి చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“అంతకు ముందే పదేళ్ళుగా నీకు ఎన్ని ఓడలు, నాకు ఎన్ని ఓడలు అని ఇంగ్లండూ జర్మనీ పోటీపడి కట్టాయి. ఎక్కడో ఉన్న దేశాలు నావంటే నావని తగువులు. అన్ని దేశాల వాళ్ళూ సైన్యాన్ని ఏ రైలు ఎన్నింటికి ఎక్కించాలో ముందే పట్టికలు వేసి పెట్టుకున్నారు. రైళ్ళు కదిలాక ఆపడం ఎలాగో మాత్రం ఎవరూ రాసుకోలేదు. ఇక బెల్జియం ఉంది. అది ఎవరి జట్టూ కాదు. దారిలో ఉంది, అంతే. దాని మీదుగానే సైన్యాలు నడిచాయి.”

పిచ్చుక తన బెంచీ అంచు పట్టుకుని కూర్చుంది.

“టీచర్,” నిచ్చెన లేచాడు. సగం పన్నుతో మాటలు ఈలలా వస్తున్నాయి. “అంటే వాళ్ళు మనలాగే కొట్టుకున్నారా?”

“కాదురా. మీ గొడవలో పోయింది పన్ను సగం. అందులో పోయినవాళ్ళు కోటిన్నర మంది పైనే. పోలిక పెట్టొద్దు, వాళ్ళకి అవమానం. కూర్చో.” ఆవిడ ఆగిపోయిన ఫ్యాను వైపు చూసింది. “నాకు ఫ్యాను సంగతి ముందే చెప్పారు. నేను వినలేదు. అదీ రాసిచ్చాను.”

ఆవిడ లేచి బోర్డు మీద ప్రశ్న రాసింది: యుద్ధం ఎందుకు వచ్చింది?

“గంట కొట్టేవరకు రాయండి. గీతలు గియ్యొద్దు.”

స్కేళ్ళు తీసినవాళ్ళు తీసినట్టే ఆగిపోయారు. మొదటి బెంచీ పిల్ల అనుమానంగా అడిగింది. “మరి మీరు ఎలా దిద్దుతారు టీచర్? మొత్తం చదువుతారా?”

ఆవిడ అరవై తలల వంక చూసింది. ఒక్కొక్కళ్ళు రెండు పేజీలు రాస్తే నూట ఇరవై. ఇలాగే ఇంకో మూడు సెక్షన్లు.

“చదవాలి. ఏం చేస్తాం,” అంది.

ఆ సాయంత్రం టబ్బులో కాళ్ళు పెట్టుకుని మొదటి పేపరు తీసింది. కెప్టెన్‌ది. మూడు పేజీలు, చెత్త రాత, ఓడల దగ్గర మొదలుపెట్టి రైళ్ళలో దారి తప్పి, ‘ఆ షరతుల కాగితానికి జవాబు చదివి ఉండాల్సింది’ దగ్గర ఆగిపోయింది. ఏ కాగితమో రాయలేదు. ఆవిడ రెండుసార్లు చదివింది. ఎన్ని మార్కులు వెయ్యాలో తెలియక పక్కన పెట్టింది.

“ఇంకా ఎన్ని?” అన్నాడు భర్త, కెటిల్లో వేడినీళ్ళు తెచ్చి టబ్బులో పోస్తూ.

“యాభై తొమ్మిది.”

“పోనీ, గీతలు లేవా?”

“లేవు,” అని ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని రెండోది తీసింది.